ఇంగో సుట్టు

మొన్న బుధవారం పొద్దున ఏడున్నరకు టీచరమ్మ ఫోన్ చేసింది. అప్పుడు నేను రన్‌వే పక్కన విమానం రెక్క కింద వంగి పెట్రోలు పట్టుకుంటున్నాను. ట్యాంకు అడుగు నుంచి చిన్న గాజు సీసాలోకి రోంత పెట్రోలు దించి, ఎండకు ఎత్తి, నీళ్లు కలిసినాయేమో చూస్తాం. రోజూ మాకు మొదటి పని అదే. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో ఫోను. "పాపా, మీ సార్ పోయినాడు" అనింది టీచరమ్మ. "యాడికి?" అన్నాను. నిజంగా అట్లే అడిగినాను. ఆ మనిషి ఒకచోట కూర్చునే రకం కాదు కదా, యాడికో పోయింటాడులే అనుకున్నా. అవతల నుంచి ఏడుపు వినపడింది. నేను చానాసేపు ఆ సీసాను ఎండకు ఎత్తి పట్టుకొనే నిలబడినానంట. నా దగ్గర నేర్చుకునే అమ్మాయి తర్వాత చెప్పింది.

ఆయన నాకు విమానం నడపడం నేర్పిన సార్. మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు, విమానాలు కూలినప్పుడే పేపర్లో పేర్లు వస్తాయి గానీ, కూలకుండా చూసినోళ్ల పేర్లు ఎవరు వేస్తారు? పుట్టింది జమ్మలమడుగు. ఆయన నాయన మిషన్ బడిలో అయ్యవారు. సార్ ఏండ్ల తరబడి ఊరూరూ తిరిగి పిల్లలకు ఫ్లయింగ్ నేర్పి, వయసు పైబడినాక ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నాడు. మా జిల్లాలో ఎవరో ఒక చిన్న శిక్షణ బడి పెడితే అందులో చేరినాడు. ఆ బడిలో ఇద్దరు పట్టే విమానాలు మూడు ఉండేవి. టీచరమ్మ అంటే ఆయన భార్య. ఆమె కూడా బడిపంతులమ్మే.

సార్ గురించి రాసేటప్పుడు "అన్నారు, వచ్చారు" అని మర్యాదగా రాయాలని కూర్చున్నాను. నావల్ల కాలేదు. మా పులివెందుల పక్క గౌరవం గొంతులో ఉంటుంది, మాట చివర ఉండదు. తప్పుగా అనుకోవద్దు.

మొదటి రోజు క్లాసులో ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "చిన్న విమానాలు ఎందుకు కూలుతాయప్పా?"

మేం తొమ్మిది మందిమి. ఇంజిను ఆగిపోయి అని ఒకరు, పక్షులు తగిలి అని ఒకరు, గాలివాన అని ఒకరు. నేను తెలివి చూపించాలని "సాంకేతిక లోపం సార్" అన్నాను. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మంట. "పేపరోళ్లు రాస్తారమ్మా, సాంకేతిక లోపమని. ఆ లోపానికి కాళ్లూ చేతులూ ఉంటాయి. అది పొద్దున్నే కారం దోసె తిని, మీసం దువ్వుకొని వచ్చింటాది" అన్నాడు. అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసినాడు: ఏం కాదులే.

"ఇదీ కారణం. పెట్రోలు ఎంతుందో పుల్ల పెట్టి చూసినావా అంటే, మీటరు ముల్లు సగం చూపిస్తాంది, ఏం కాదులే. చెక్‌లిస్టు చదివినావా అంటే, నోటికొచ్చు, ఏం కాదులే. పడమర మబ్బు పట్టింది రా నాయనా అంటే, ఇంటికి పోవాల, పది నిమిషాల పని, ఏం కాదులే. విమానం కూలినాక జనం శానా పేర్లు పెడతారు. దాని ఇంటిపేరు మాత్రం ఇదే."

ఆ మాట మా బడిలో నిషేధం. పొరపాటున ఎవరన్నా అంటే సార్ చెయ్యెత్తి వేలితో గాలిలో గుండ్రంగా గీసేవాడు. "ఇంగో సుట్టు!" అంటే విమానం చుట్టూ మళ్లా మొదటి నుంచి తిరిగి రావాల. ఊరికే తిరగడం కాదు. ప్రతి మరనూ, ప్రతి రెక్క అంచునూ, టైరునూ చేత్తో తాకి, నోటితో చెప్పాల. ఎండాకాలం మా పక్క ఎండ మీకు తెలుసు. రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలే. మేం దానికి ప్రదక్షిణం అని పేరు పెట్టినాం. క్రైస్తవులాయన, కోపం వస్తాదేమో అని గుసగుసగా అనుకుంటుంటే ఒకరోజు విననే విన్నాడు. "మీరు ప్రదక్షిణం అనుకోండి, నేను ప్రార్థన అనుకుంటా. విమానానికి రెండూ తెలీవు. చెయ్యి పెట్టి చూసినామా లేదా, అదొక్కటే తెలుసు దానికి" అని పకపకా నవ్వినాడు.

బయట కూడా ఆయన అంతే. ఇంటి ముందర పాత స్కూటర్ ఉండేది. దాని మీద మార్కెట్టుకు పోవాలన్నా ముందు టైరు బొటనవేలితో నొక్కి, బ్రేకు పట్టి చూసి, ఎడమ పక్కగా వచ్చి, వెనక టైరు నొక్కి, లైటు చూసి, కుడిపక్కగా మళ్లా ముందుకొచ్చి అప్పుడు గానీ కిక్కు కొట్టడు. వీధిలో వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "ఏంది సార్, కూరగాయలకు పోయేదానికి ఇంత భాగోతమా?" అని. "మోకాలికి తెలీదప్పా, విమానంలోంచి పడిందా స్కూటర్ మీంచి పడిందా అని" అనేవాడు. టీచరమ్మ వెనక సీటు ఎక్కేదానికి సంచి పట్టుకొని ఎదురుచూసి చూసి యాష్టపడేది.

నా మీద ఆయన వేసిన మొదటి ఎత్తు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నేర్చుకోను చేరి రెండు వారాలైంది. సీసా నా చేతికిచ్చి "చూసి చెప్పు పాపా" అన్నాడు. పెట్రోలులో నీళ్లుంటే అడుగున చేరి మధ్యలో గీత కనపడుతుందని అప్పటికే నేర్పించినాడు. ఎండకు ఎత్తి చూసినాను. గీత లేదు. "నీళ్లు లేవు సార్, శుభ్రంగా ఉంది" అన్నాను. "బాగ చూసినావా?" "చూసినా సార్." "అయితే తాగు" అన్నాడు. బిత్తరపోయినాను. ఆయన సీసా తీసుకొని గటగటా తాగేసినాడు! సీసా నిండా మంచినీళ్లే. అంతా నీళ్లే అయితే గీత యాడ నుంచి వస్తాది? మేం వాడే పెట్రోలు లేత నీలంగా ఉంటుంది, తెల్ల చొక్కాలకు పెట్టే నీలం మాదిరి. ఆ రంగు చూడలేదు, వాసన చూడలేదు. "ఉండకూడనిది లేదని చూసినావు. ఉండాల్సింది ఉండాదా అని చూడలేదు. ఈ నీళ్లతో నువ్వు పైకి లేచింటే, ఆ చెరుకుతోట దాటేలోపల ఇంజిను దగ్గి ఆగిపోయేది" అన్నాడు. గొంతులో కోపం లేదు. వేలు మాత్రం గాలిలో గుండ్రంగా తిరిగింది.

ఈ "ఇంగో సుట్టు" కు ఇంకో అర్థం కూడా ఉండేది. దిగేటప్పుడు విమానం సరైన ఎత్తులో, సరైన వేగంలో లేకపోతే దిగకూడదు. ఇంజిను పెంచి పైకి పోయి, గుండ్రంగా తిరిగి, మళ్లా రావాల. ఇంత చిన్న పని చేయలేక ఎంతమంది పోయినారో ఆయన కథలు కథలుగా చెప్పేవాడు. రన్‌వేకు ఎదురుగా తిరగాల్సిన చోటు దాటిపోతారు. దాటినామని తెలిసి కంగారుగా ముక్కు పైకెత్తి గబుక్కున తిప్పుతారు. వేగం చచ్చిపోయి ఒక రెక్క ఒరిగిపోతాది. నేల దగ్గర్లో ఉండాది కాబట్టి సర్దుకునేంత ఎత్తు ఉండదు. "ఒక్కసారి తప్పినాను అని ఒప్పుకుంటే ఐదు నిమిషాల పని. ఒప్పుకోరు" అనేవాడు.

ఒకసారి పాఠంలో గండికోట మీదుగా పోయినాం. కింద పెన్న ఎర్రరాళ్ల నడుమ సన్నగా మెరుస్తాంది. సార్ కిందికి చూపించినాడు. "అదో, ఆ అంచు మీద నిలబడి చిన్నప్పుడు గద్దల్ని పైనుంచి చూస్తాంటి. అందరూ గద్ద పొట్ట చూస్తారు, మేం జమ్మలమడుగోళ్లం గద్ద వీపు చూసినోళ్లం." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం పదేండ్ల పిల్లోడి ముఖంలా ఉండింది. "గద్ద కూడా రాయి మీద వాలేటప్పుడు గురి తప్పితే ఇంగో సుట్టు తిరుగుతాది పాపా. దానికి సిగ్గు లేదు. మనకే, ఎవురన్నా చూస్తాండారేమో అని సిగ్గు. సగం విమానాలు ఆ సిగ్గుతోనే పడతాయి."

ఆ సిగ్గు ఏందో నాకు తొందరలోనే తెలిసొచ్చింది. నేను మొదటిసారి ఒంటరిగా విమానం నడిపే రోజు. మా నాయన పులివెందుల నుంచి జీపు నిండా బంధువులను తోలుకొని వచ్చినాడు. చీనీకాయల, అదే బత్తాయిల, గంపలు దించినారు. మా నాయనకు చీనీతోట తప్ప వేరే లోకం లేదు, అట్లాంటి మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకొని కంచె కాడ నిలబడినాడు. ఒంటరిగా లేచినా, తిరిగినా, అంతా బాగానే ఉంది. దిగేటప్పుడు పక్కగాలి తోసి తిరగాల్సిన చోటు దాటిపోయినా. కంచె కాడ రంగు చీరలు కనపడుతున్నాయి. నాయన తెల్లచొక్కా కనపడుతాంది. కొంచెం గట్టిగా తిప్పితే చాలు, ఏం కాదులే అని నా మనసే నాతో అనింది. చెయ్యి తిప్పబోయింది కూడా. పక్క సీటు ఖాళీ. అయినా ఆ ఖాళీ సీటు మీద నాకు ఒక వేలు గాలిలో గుండ్రంగా తిరిగినట్టు కనపడింది. ఇంజిను పెంచి పైకి పోయినా.

రెండోసారి దిగి వచ్చేసరికి నాయన ముఖం మాడిపోయింది. నా వైపు చూడకుండా సార్‌ను అడిగినాడు. "ఏంది సార్, మా పాప మొదటిసారి దిగలేకపోయినాదే?"

"దిగలేక కాదప్పా. దిగితే చస్తానని తెలుసుకొని పోయింది" అన్నాడు సార్. "రెక్కలు కదిలించేది ఎవురికైనా నేర్పిస్తా. ఇంతమంది చుట్టాల ముందర తప్పు ఒప్పుకునేది నేర్పించేకి కాదు. నీ బిడ్డకు అది వచ్చింది. చీనీకాయలు తియ్, తిందాం."

నాయన అక్కడే కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాయన ఏడ్చింది అదే మొదలు నేను చూడడం.

ఆ సాయంత్రం అందరూ పోయినాక రేకుల షెడ్డు నీడలో కూర్చొని చీనీకాయ ఒలుస్తూ సార్ చెప్పినాడు, ఏం కాదులే అనే మాట మీద ఆయనకు అంత పగ ఎందుకో. ఆయన నేర్చుకునే రోజుల్లో ఒక స్నేహితుడు ఉండేవాడంట. మన తెలుగోడే. ఒకే గది, ఒకే కంచం. ఒకరోజు అతను పెట్రోలు పుల్ల పెట్టి చూడకుండానే విమానం ఎక్కుతుంటే సార్ అడిగినాడంట, చూసినావా రా అని. "ఏం కాదులేరా" అన్నాడంట అతను. లేచిన నిమిషానికి ఇంజిను ఆగిపోయింది. ముందర ఎదురుగా చదును పొలం ఉండింది, నేరుగా దించుకునింటే కాళ్లు విరిగినా బతికేవాడు. రన్‌వే మీదికే రావాలని వెనక్కి తిప్పినాడు. అంత ఎత్తు లేదు.

"వాడు ఆ మాట అన్యాడు పాపా. నేను ఇన్యా. ఇని గమ్మునుంటి. అది మర్చిపోవద్దు, అన్నోడి తప్పు సగమే. మిగిలిన సగం ఇని ఊరుకున్నోడిది." తొనలు అట్లే చేతిలో ఉన్నాయి, తినలేదు.

తర్వాత నేను లైసెన్సు తీసుకొని, వేరే రాష్ట్రంలో నేర్పించే పనికి చేరినాను. మా జిల్లాలో ఆ బడి మూతపడింది. సార్‌కు షుగరు వచ్చింది. డాక్టరు ముందర ఒక్క ముక్క దాచకుండా చెప్పి, తనంతట తానే విమానం దిగిపోయినాడు. దాచింటే ఇంకో రెండేండ్లు నడిపేవాడు. "ఇంజిను సరిగా లేదని తెలిసి ఎక్కుతామా? నేనూ ఇంజినే కదా" అన్నాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చినాక నాకు ఫోన్ చేసేవాడు. ఎవరు ఏం తప్పు చేసినారు, నేనేం చెప్పినాను, అన్నీ అడిగేవాడు. తనకు ఆకాశం లేదు కదా, నా మాటల్లోంచి ఎగిరేవాడు.

ఇంగ ఇప్పుడు నేను రాయాల్సింది రాస్తాను. ఇది రాయకుండా మిగిలిందంతా రాస్తే ఆయన ఒప్పుకోడు.

పోయిన ఆదివారం కూడా ఫోన్ చేసినాడు. గొంతు రోంత అలిసినట్టు ఉంది. "ఏం సార్, బాగున్నారా?" అంటే, "రెండు దినాలుగా రొమ్ములో పట్టేసినట్టు ఉండాది. ఎడమచెయ్యి బరువుగా ఉండాది. టీచరమ్మ ఆస్పత్రికి పోదాం పా అని ఒకటే రచ్చ. ఏం కాదులే" అన్నాడు.

నేను విన్నాను. ఆ మాట చెవిన పడింది, గుర్తుపట్టినాను కూడా. "సార్! ఆ మాట అన్నారు!" అని నవ్వినాను. ఆయనా నవ్వినాడు. "నేను విమానం దిగినోడిని కదా పాపా, నాకు ఆ రూలు లేదులే" అన్నాడు. ఒక పిల్ల పాఠానికి ఎదురుచూస్తాంది. గాలి లేవక ముందే పోవాలని నాకు తొందర. "సరే సార్, జాగ్రత్త" అని పెట్టేసినాను. ఆయన నాకు వెయ్యిసార్లు చెప్పిన మాట, "ఇంగో సుట్టు" అని, ఆయనకు ఒక్కసారి చెప్పలేకపోయినాను. లేవండి, చెప్పులేసుకోండి, ఆస్పత్రికి పోయి వచ్చినాక ఫోన్ చేయండి అనింటే, ఆయన నా మాట వినేవాడు. నాకు తెలుసు, వినేవాడు.

గురువారం జమ్మలమడుగులో, వాళ్ల నాయన పక్కనే పూడ్చినారు. ప్రార్థన చదివినారు. మా బ్యాచ్‌లో నలుగురం వచ్చినాం. సాయంత్రం ప్రొద్దుటూరుకు ఇంటికి పోయినాం. టీచరమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చునింది. కాళ్ల దగ్గర కూర్చొని చెప్పేసినాను. "అమ్మా, ఆదివారం నాతో కూడా ఏం కాదులే అన్నాడు. నేను ఊరకున్నా."

"తెలుసు పాపా" అనింది ఆమె. "ఫోను పెట్టేసి నాతో చెప్పినాడు, చూడు, పాప కూడా ఏమనలేదు, నువ్వెందుకు గొణుగుతావు అని."

కోపంతో అనలేదు. జరిగింది చెప్పింది, అంతే. కోపంతో తిట్టింటే నాకు బాగుండేది.

ఆమే మళ్లా చెప్పింది. "బుధవారం పొద్దున తనే లేచి, నొప్పి ఎక్కువైంది, పోదాం పా అన్యాడు. ఆటో పిలుస్తానంటే వద్దన్యాడు, స్కూటర్ ఉండాది కదా అని. నేను చెప్పులేసుకొని వచ్చేలోపల సుట్టు మొదలుపెట్టినాడు. ముందు టైరు నొక్కినాడు. బ్రేకు చూసినాడు. ఇట్ల ఎడమపక్కగా వచ్చి, వెనక చక్రం కాడ కూర్చున్యాడు. టైరు చూస్తాండాడేమో అనుకున్యా పాపా. శానాసేపు అట్లే అనుకున్యా."

స్కూటర్ ఆ వాకిట్లోనే ఉంది. బుధవారం నుంచి ఎవరూ ముట్టుకోలేదు. సీటు మీద అప్పుడే సన్నగా దుమ్ము పేరింది.

లేచి పోయినాను. ముందు నుంచి మొదలుపెట్టలేదు, ముందరిది ఆయన చూసేసినాడు. వెనక చక్రం కాడ, ఆయన ఆగిపోయిన చోట కూర్చున్నాను. లైటు అద్దం చేత్తో తుడిచి "లైటు సరిగా ఉంది సార్" అన్నాను, నోటితో చెప్పాల కదా. కుడిపక్కగా నడిచి ముందుకొచ్చినాను. సుట్టు పూర్తయింది. టీచరమ్మ చూస్తానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, వెనక టైరు నొక్కలేదు. ఆయన నొక్కినాడో లేదో ఎవరికీ తెలీదు.

వెనక్కి పోయి బొటనవేలితో నొక్కినాను. గట్టిగా, నిండుగా ఉంది. "ఆదివారం చర్చికి పోతా కొట్టించిన గాలి" అనింది టీచరమ్మ.